బెజవాడ వెళ్లి వండుకు తిన్నాం

"నేనింకెవరింటికీ భోజనానికి రానమ్మా. తింటున్నంతసేపూ అందరూ నా కంచం వంకే చూస్తారు."

తొమ్మిదేళ్ల మావాడు ఈ మాట అన్నది సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ ఇంటి మెట్లు దిగుతూ. పైన గుమ్మంలో పెద్దమ్మ ఇంకా నిలబడే ఉంది. వాడు ఇంగ్లీషులో గొణిగాడు కాబట్టి ఆవిడకి తెలియలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే వాడు చెప్పింది నిజం. డిసెంబరు సెలవులకి మెల్‌బోర్న్ నుంచి దిగిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం ఒకరింట్లో, రాత్రి ఇంకొకరింట్లో. ఎక్కడికెళ్లినా గారెలు, పులిహోర, కోడి వేపుడు, ఆ పైన పాయసం. వాడు ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, "ఏం నాన్నా, కారంగా ఉందా? ఇంకో గారె వెయ్యనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టేవాళ్ల ప్రేమకి వంక పెట్టడానికేం లేదు. తినే పిల్లాడికి మాత్రం అది పరీక్ష హాలులా ఉంది. పదమూడేళ్ల మా అమ్మాయైతే నోరు విప్పి ఏమీ అనదు, కడుపులో నొప్పి అని చెప్పి పడుకుంటుంది.

మేం దిగింది మొగల్రాజపురంలో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఫ్లాట్‌లో. అమ్మ గుంటూరు అరండల్‌పేటలో ఒక్కతే ఉంటోంది. మోకాళ్ల నొప్పులు పెట్టుకుని నలుగురికీ మూడు పూటలా వండుతానంటుంది, వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అందుకే ఈసారి బెజవాడలో ఉండి రెండ్రోజులకోసారి బస్సెక్కి వెళ్లి వద్దామనుకున్నాం. ఫ్లాట్‌లో చిన్న వంటగది ఉన్నా కాఫీ కాచుకోవడానికి తప్ప వాడే ఆలోచన నాకు లేదు. మావాడి మాట విన్నాక మాత్రం ఇక మనింట్లోనే వండుకుందామని వాడికి మాటిచ్చి, మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దరినీ వెంటేసుకుని పటమట రైతుబజారుకి బయల్దేరాను.

రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. మా ఇంట్లో అప్పట్లో వారానికి సరిపడా కూరగాయలు రెండు సంచుల్లో వచ్చేవి, ఒక సంచి మోయడం నా వంతు. ఇప్పటికీ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడుతున్నారు. మా అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసులో అక్షరాలు నేర్చుకుంది, కానీ వాటితో దానికి ఏనాడూ పని పడలేదు. ఇక్కడ బోర్డు ముందు నిలబడి 'చిక్కుడు' దగ్గర ఒత్తు కోసం కాసేపు తడుముకుని, మొత్తానికి చదివేసి, పక్కనున్న ధర కూడా చెప్పింది. వెనకాల సంచీతో నిలబడ్డ ముసలాయన "చదువమ్మా, నాక్కూడా పనికొస్తుంది, కళ్లజోడు తేలేదు" అన్నాడు. అది బోర్డు కింది దాకా మొత్తం చదివి పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. అన్నేళ్లు ఆదివారం పూట పోట్లాడి దాన్ని క్లాసుకి పంపించినందుకు నాకు ఆ ఒక్క పొద్దు చాలు.

కొన్నది తక్కువే. అరకిలో టమాటాలు, పావుకిలో చిక్కుళ్లు, రెండు కట్టల గోంగూర, నిమ్మకాయలు, కొత్తిమీర, పచ్చిమిర్చి. సెలవుల వంటకి నేను చెప్పగలిగిన మొదటి సలహా అదే: రెండు రోజులకి సరిపడా మాత్రమే కొనండి. మిగిలితే అత్తగారింటికో అమ్మింటికో మోసుకెళ్లాలి, లేదా పారేయాలి. బియ్యం కూడా చిన్న సంచే. కొట్లో బీపీటీ ఇచ్చారు. అది బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబా మసూరి, బీపీటీ 5204. బాపట్ల గుంటూరుకి ఎంత దగ్గరో చెబితే, తను రోజూ తినే అన్నానికి ఒక ఊరుందని మావాడికి మొదటిసారి తెలిసింది. అయితే సంక్రాంతి ముందు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అప్పటికి కొత్త బియ్యం వచ్చేస్తాయి, కొలత ప్రకారం నీళ్లు పోస్తే అన్నం ముద్దయిపోతుంది. "పాత బియ్యం" అని అడిగి తీసుకోండి.

అసలు చిక్కు పొయ్యి దగ్గర వచ్చింది. ఫ్లాట్‌లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి, అమ్మ ఇచ్చి పంపిన కుక్కర్ అల్యూమినియంది. దాని మీద వేడెక్కదు. వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లాం. అయస్కాంతం అంటుకుంటే ఆ గిన్నె ఇండక్షన్ మీద పనిచేస్తుందని వాళ్ల నాన్న చెప్పగానే, చుట్టాలకి ఇవ్వడానికి తెచ్చిన కోలా బొమ్మ ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి మావాడు జేబులోంచి తీశాడు. కొట్లో ఉన్న కుక్కర్లన్నీ తిరగేసి ఒక్కోదానికీ కోలాని అంటించి చూశాడు. ఒకదానికి జారిపోయింది, ఇంకోదానికి అతుక్కుంది. అతుక్కున్న వాటిలో అయిదు లీటర్లది తీసుకున్నాం. బేరం అయ్యాక ఆ మాగ్నెట్ కొట్టాయనకే ఇచ్చేశాడు.

ఆ ఒక్క కుక్కర్‌తో మా నలుగురికీ సరిపోయింది. అడుగున నీళ్లు పోసి, కింది గిన్నెలో గ్లాసు పెసరపప్పు, నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిర్చి, పసుపు, సరిపడా నీళ్లు; పై గిన్నెలో బియ్యం, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు. నాలుగు విజిళ్లకి రెండూ ఉడికిపోతాయి. కందిపప్పు బదులు పెసరపప్పు పెట్టుకుంటే నానబెట్టే పని లేదు. ఆవిరి దిగేలోపు చిన్న మూకుడులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు వేసి తాలింపు పెట్టి, పప్పులో కలిపి ఉప్పు వేస్తే అయిపోయింది. రెండో రోజు అదే పప్పులో గోంగూర. పక్కన కోడిగుడ్డు పొరటు. మంచినీళ్లకీ వంటకీ ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ తెప్పించుకుంటే పిల్లల పొట్టల గురించి భయం సగం తగ్గుతుంది.

కారం సంగతి మాత్రం జాగ్రత్త. మెల్‌బోర్న్‌లో డబ్బాలో నెలల తరబడి ఉన్న కారం కొలత గుంటూరులో అప్పుడే ఆడించిన కారానికి పనికిరాదు. సగానికి సగం తగ్గించి మొదలుపెట్టండి.

చిక్కుళ్ల ఈనెలు తీసే పని పిల్లలకి అప్పజెప్పాను. కొస విరిచి, పక్కనే పట్టుకుని మెల్లగా లాగితే ఈనె పొడుగ్గా ఊడి వస్తుంది. తెగిపోతే రెండో కొస నుంచి మళ్లీ లాగాలి. ఎవరి ఈనె తెగకుండా వస్తుందా అని పోటీ పడి పావుకిలో కాసేపట్లో తేల్చేశారు. మెల్‌బోర్న్‌లో నేనెప్పుడూ వాళ్ల చేత ఈ పని చేయించలేదు. అక్కడ చిక్కుళ్లు దొరికినా ఫ్రీజర్ ప్యాకెట్లలో, తరిగే ఉంటాయి. పైగా స్కూలు, ఆఫీసు, ఈత క్లాసుల మధ్య పిల్లలు వంటింట్లోకి వస్తే నాకు పని పెరుగుతుందని బయటికి పంపేసేదాన్ని.

రోజూ వండాలని లేదు. కర్రీ పాయింట్లు ఉన్న ఊరిలో నలుగురున్న సంసారం హోటల్లో రెండు పూటలా తినక్కర్లేదు. ఇంట్లో అన్నం పెట్టుకుని, వీధి చివర్నుంచి రెండు కూరలు, సాంబారు తెచ్చుకుంటే హోటల్ భోజనం ఖర్చులో కొద్దిపాటితో అయిపోతుంది. మా అమ్మాయికి ఆ కర్రీ పాయింట్ అంటే పిచ్చి పట్టింది. అక్కడి అబ్బాయి కవరు నోరు చేత్తో తెరిచి, గరిటెడు సాంబారు పోసి, లోపల గాలి నిలిచేలా ఒక్క తిప్పు తిప్పి, రబ్బరు బ్యాండు బిగించేస్తాడు. ఎంత చూసినా ఆ వేళ్లు ఎటు నుంచి ఎటు వెళ్తాయో అంతు పట్టలేదని వచ్చి చెప్పేది. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోయించడం నాకిష్టం లేక తర్వాత్తర్వాత అమ్మ స్టీలు క్యారేజీ ఇచ్చి పంపాను. "క్యారేజీ తెచ్చావా అమ్మా, మంచిది" అని అతను గుత్తొంకాయ ఒకటి ఎక్కువేశాడు.

బయటికి వెళ్లిన రోజుల్లో నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం. పొద్దున్నే కలిపితే మధ్యాహ్నానికి పెరుగన్నం పులిసిపోకుండా ఉండాలంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు చెంచాలే వెయ్యాలి. తినే వేళకి అది సరిగ్గా తోడుకుని ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వెళ్లి, కొండను తొలిచిన ఆ గుహల్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ని చూసి, కిందికొచ్చి చెట్టు నీడన డబ్బాలు విప్పుకున్నాం. మావాడు డబ్బా అడుగు దాకా తిన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది.

ఇక్కడిదాకా చెప్పింది ఎవరికైనా ధైర్యంగా చెప్పగలను. దీని తర్వాత సంగతి అంత తేలిక కాదు.

మేం వండుకు తింటున్నామన్న కబురు సత్యనారాయణపురం చేరింది. పెద్దమ్మ గుంటూరుకి ఫోన్ చేసి మా అమ్మతో అన్నదట: "అంత దూరం నుంచొచ్చి పిల్ల పొయ్యి ముందు నిలబడటమేంటే? మేమేం లోటు చేశాం?" అమ్మ నాకు చెప్పి, తన మాటగా ఏమీ కలపలేదు. మా ఆయన "ఒక్క పూట వెళ్లి తినొస్తే పోయేదేముంది" అన్నారు. నేను వినలేదు. పిల్లాడికి మాటిచ్చాను, తప్పను అని కూర్చున్నాను. మరి అదే పిల్లాడు మెల్‌బోర్న్‌లో పప్పన్నం వద్దని పాస్తా అడిగితే, మన తిండి మర్చిపోతారని పట్టుబట్టి పప్పన్నమే పెట్టేదాన్ని. ఇక్కడ ఒక రాత్రి వాడడిగితే పాస్తా చేసి పెట్టాను. అక్కడ అంత గట్టిగా నిలబడి ఇక్కడ ఎందుకు వదిలేశానని మా అమ్మాయి అడిగింది. నా దగ్గర సరైన సమాధానం లేదు. ఈ ఊళ్లో ఉన్నప్పుడు వీధి, బజారు, మనుషులు చూసుకుంటారులే అన్న భరోసా కాబోలు.

చివరికి పెద్దమ్మనీ పెదనాన్ననీ మా ఫ్లాట్‌కే భోజనానికి పిలిచాను. పప్పు, చిక్కుడుకాయ టమాటా కూర, కర్రీ పాయింట్ గుత్తొంకాయ, పెరుగు. ఆవిడ వట్టి చేతులతో రాలేదు, అరిసెల డబ్బా తెచ్చింది. వడ్డిస్తానని మావాడు ముందుకొచ్చాడు. గరిటె పట్టుకుని పెద్దమ్మ పక్కనే నిలబడి, "ఇంకొంచెం వేసుకో పెద్దమ్మమ్మా, చిక్కుళ్లు నేనే వలిచా" అన్నాడు. ఆవిడ చాలు నాన్నా అంటే వినలేదు, ఇంకో గరిటె వేశాడు. ఆవిడ కంచం ఖాళీ అయ్యేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

నేను ఆరోజు నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆ కొసరి వడ్డించడం వాడు నా దగ్గర నేర్చుకోలేదు. నేను అందరికీ ఒకేసారి పెట్టేసి కూర్చునే మనిషిని. వద్దని వాడు పారిపోయిన ఆ ఇళ్లలోనే, ఆ పెద్దమ్మ చేతి దగ్గరే చూసి ఉంటాడు. వాణ్ని ఆ భోజనాల నుంచి తప్పించి నేను మంచి పని చేశానా, లేక సెలవులకి వాణ్ని అక్కడికి తీసుకెళ్లే అసలు కారణానికే అడ్డుపడ్డానా? డబ్బు మిగిలింది, పొట్టలు కుదుటపడ్డాయి, పిల్లలు పప్పు వండటం నేర్చుకున్నారు. ఇవన్నీ లెక్కకి వస్తాయి. తినకుండా వదిలేసిన భోజనాల వెల ఎంతో నాకు తెలియదు. పెద్దమ్మకి డెబ్బై దాటాయి.

వచ్చేముందు కుక్కర్‌ని గుంటూరులో అమ్మకి ఇచ్చాను. అది గ్యాస్ మీద కూడా పనిచేస్తుంది. "ఈసారి ఇక్కడే దిగండి, మీరే వండండి, నేను పొయ్యి జోలికి రాను" అంది అమ్మ. రాకుండా ఉండలేదని ఇద్దరికీ తెలుసు. పిల్లలు మాత్రం సరేనన్నారు. ఫ్లాటా, అరండల్‌పేటా అన్నది ఇంకా తేల్చుకోలేదు, ఈలోగా డిసెంబరు టికెట్ల ధరలు పెరిగిపోతున్నాయి. పిల్లల్ని రెండు భోజనాలకి ఒకటి చొప్పున చుట్టాలిళ్లకి తీసుకెళ్దామని మా ఆయన అంటున్నారు. ఏ ఇంటికి వెళ్లి ఏ ఇంటికి మానేస్తామో అన్నది మళ్లీ నేనే తేల్చాలి.