ఏడో నంబరు రింగు

మా డిపార్ట్‌మెంట్ పాత విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఒక వాసన. సివిల్ బ్లాకు వెనక నాలుగు మెట్లు దిగితే వచ్చే సాయిల్ మెకానిక్స్ ల్యాబ్, అంటే మట్టి పరీక్షల గది వాసన. తడిసిన నల్లరేగడి, కిరోసిన్, గ్రీజు, ఓవెన్‌లో ఆరుతున్న మట్టి, అన్నీ కలిసి ఉండేవి అందులో. 1994లో ఎం.టెక్‌లో చేరి 1996లో బయటపడేదాకా, హాస్టల్ గదిలో కంటే ఆ ల్యాబ్ బెంచీ మీదే ఎక్కువ రాత్రులు పడుకున్నాను.

తలుపు మీద చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండేది: "తలుపు మెల్లగా వేయండి. లోపల మట్టి నడుస్తోంది." కొత్తవాళ్లకు అర్థమయ్యేది కాదు. లోపల వరసగా ఎనిమిది కన్సాలిడేషన్ ఫ్రేములు, అంటే బరువు కింద మట్టి ఎంత దిగుతుందో, ఎంత లేస్తుందో రోజుల తరబడి కొలిచే యంత్రాలు. ఒక్కోదాంట్లో 60 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఇత్తడి రింగు, అందులో బిళ్లలా కోసి పెట్టిన మట్టి, పైన డయల్ గేజి. మిల్లీమీటరులో నూరో వంతు కదిలినా ముల్లు చెప్పేస్తుంది. ఎవరైనా తలుపు దభాలున వేస్తే ముల్లు అదిరేది. పది రోజులుగా తీస్తున్న రీడింగుల్లో ఉన్నట్టుండి ఒక మెట్టు పడేది. నాకు ఇచ్చిన రింగు నంబరు ఏడు.

నా థీసిస్ ప్రశ్న చెప్పడానికి చిన్నదే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇది పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు. అయితే ఏటేటా తడుస్తూ ఆరుతూ ఉంటే ఆ మట్టి గుణం మారుతుందా, మొదటిసారి ఉబ్బినంతే పదోసారీ ఉబ్బుతుందా? మామూలుగా ల్యాబులో చేసే పరీక్షలో మట్టిని ఒక్కసారే తడుపుతారు. దాని మీదే పునాది లెక్క కడతారు. నేల మాత్రం ప్రతి ఏడూ తడుస్తుంది.

చేరిన మొదటి నెలలో పేపర్లు చదవమంటారేమో అనుకున్నాను. మా గైడ్ సారు నన్ను గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు వైపు ఒక ఊరికి పంపారు. అక్కడ ఒక పెంకుటింట్లో ఒంటరిగా ఉండే మామ్మగారి గోడ చూసి రమ్మన్నారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీట అది. నా చిటికెన వేలు పట్టేంత ఉంది. ఆ ఇంటి గురించి నేను అడిగిన మొదటి ప్రశ్నకు మామ్మగారు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఎండాకాలం ఈ తలుపు పడదు అబ్బాయ్. వానలు పడ్డాక దానంతటదే పడుద్ది."

ఆ ఒక్క మాటలో నా థీసిస్ మొదటి అధ్యాయం మొత్తం ఉంది. ఇంటి నడిమధ్య, గచ్చు కింద ఉన్న మట్టికి ఎండ తగలదు, తేమ బయటికి పోయే దారి లేదు. చుట్టూ గోడల అంచున ఉన్న మట్టి మాత్రం ఎండకు ఆరి దిగుతుంది, వానకు తడిసి లేస్తుంది. మధ్యభాగం కదలకుండా, అంచులు లేస్తూ దిగుతూ ఉంటే గోడ ఎంతకాలం తట్టుకుంటుంది? దానికి తోడు వెనక మూలన వేపచెట్టు ఉంది. దాని వేళ్లు ఎండాకాలంలో గోడ కింద తేమను కూడా లాగేస్తాయి. ఇంకో మూలన స్నానాల తొట్టి. అక్కడ నీళ్లు ఇంకి ఇంకి ఆ పక్క గోడ ఏడాది పొడుగునా కాస్త లేచే ఉండేది. బీటకు అడ్డంగా సన్నని గాజు పలకలు సిమెంటుతో అతికించి వచ్చాను. గోడ కదిలితే పలక పగులుతుంది. అలా పదహారు నెలలు, నెలకోసారి బస్సెక్కి వెళ్లి బీట వెడల్పు కొలిచాను. వెళ్లిన ప్రతిసారీ మామ్మగారు మజ్జిగ ఇచ్చేవారు. ఆవిడకు నేను గోడ డాక్టర్ని.

మట్టి తేవడం మరో కథ. ఆరిన మట్టే మాకు కావాలి కాబట్టి మే నెలలో వెళ్లాం. ఎండిన రేగడి రాయికి తక్కువేం కాదు, గడ్డపార దిగదు. మీటరు లోతు గుంట తవ్వి, అడుగున 30 సెంటీమీటర్ల ఘనంగా మట్టిని చెక్కి, గుడ్డ చుట్టి, కరిగిన మైనం పూసి, రంపపుపొట్టు పోసిన చెక్క పెట్టెలో పెట్టి, ఒళ్లో పిల్లాడిలా పట్టుకుని తెచ్చాం. పొడి చేసి మళ్లీ కూరిన మట్టి వేరు, నేల నుంచి కదలకుండా కోసిన మట్టి వేరు. వందల ఏళ్ల తడి, ఎండ ఆ ముక్క లోపల రాసి ఉంటాయి. పొడి చేస్తే ఆ రాత చెరిగిపోతుంది. మా ల్యాబ్ అటెండర్ అన్న ఆ ముక్కను చూసి, చిటికెడు తీసి నీళ్లు చిలకరించి, అరచేతిలో దారంలా పేని, "ఇది గట్టిగా ఉబ్బే రకం" అన్నాడు. 3 మిల్లీమీటర్ల దారం దగ్గర మట్టి విరిగితే, అప్పుడు దానిలో ఉన్న తేమే ప్లాస్టిక్ లిమిట్ అని మేం పుస్తకంలో చదివాం. ఆయన చేతికి ఆ మందం ఎప్పటి నుంచో తెలుసు.

మర్నాడు కొలజాడీలు పెట్టాం. పది గ్రాముల మట్టి నీళ్లలో, మరో పది గ్రాములు కిరోసిన్‌లో. 24 గంటల తర్వాత కిరోసిన్‌లో మట్టి 11 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో 25 దగ్గర ఉంది. కిరోసిన్ ఈ మట్టిని ఏమీ చేయలేదు. నీరు మాత్రం మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజపు పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తుంది. ఫ్రాన్స్‌లో మాంట్‌మోరిల్లన్ అనే ఊరి పేరు మీద వచ్చిందా పేరు. మన ప్రత్తిపాడు పొలం కింద అదే ఖనిజం. ఉబ్బకుండా ఆపడానికి మా మట్టి మీద పెట్టాల్సి వచ్చిన ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండు కిలోలు. మామ్మగారి ఇల్లు కిందికి నొక్కే బరువు అందులో సగం కూడా ఉండదు. ఆ ఇల్లు లేవక ఏం చేస్తుంది?

అసలు పరీక్షకు మట్టిని రింగులోనే తడిపి, రింగులోనే ఆరబెట్టాలి. అలాంటి యంత్రం మన దగ్గర లేదు. ప్లైవుడ్ పెట్టెలో 60 వాట్ల బల్బులు రెండు పెట్టి, రింగు చుట్టూ బిగించి, అదే ఎండ అన్నాం. నేను సామాన్లు లేవని గొణిగినప్పుడల్లా సారు, సాయిల్ మెకానిక్స్‌కు ఆద్యుడైన టెర్జాగీ సంగతి ఎత్తేవారు. ఇస్తాంబుల్ రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, సిగార్ పెట్టెలూ పారేసిన సామానూ ఏరుకుని పరికరాలు చేసుకుని, 1925లో వియన్నాలో ఆ శాస్త్రం మీద తన పుస్తకం అచ్చు వేయించిన మనిషి. మట్టి మీద పెట్టిన బరువులో కొంత రేణువులు మోస్తాయి, కొంత వాటి మధ్య నీరు మోస్తుంది, మట్టి బలం రేణువులు మోసిన వాటాలోనే ఉంటుంది అన్న చూపు ఆయనది. ఇవాళ ప్రపంచంలో ఏ సాయిల్ ల్యాబులోనైనా ఆ చూపుతోనే పని జరుగుతుంది. బల్బు పెట్టెను చూసి సిగ్గుపడటం అప్పటితో మానేశాను.

ఒక చుట్టు, అంటే ఒక తడి, ఒక ఎండ, పూర్తి కావడానికి రెండు వారాలు. నీళ్లు పోసిన నిమిషం నుంచి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదిహేను, ముప్పై నిమిషాలకు, తర్వాత గంటలకు రీడింగు తీయాలి. మూడో చుట్టులో నేను ఒక తప్పు చేశాను. ఎనిమిది గంటల రీడింగు తెల్లవారుజామున మూడింటికి పడింది. రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నవాణ్ని బెంచీ మీద అలాగే నిద్రపోయాను. లేచేసరికి ఆరు. లాగ్ గ్రాఫ్ కాగితం మీద ముందు, వెనక రీడింగులు కలిపి గీత గీసి, మధ్యలో ఎంత ఉండాలో చూసి, ఆ అంకె రిజిస్టర్లో రాసేశాను.

సారు వారానికోసారి రిజిస్టర్ చూసేవారు. పేజీ తిప్పి, ఆ అంకె మీద పెన్సిల్ ఆనించి అడిగారు. "మూడింటికి ఇది నువ్వే తీశావా?"

నేను మాట్లాడలేదు.

"మిగతావన్నీ గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నాయి. ఇదొక్కటే సరిగ్గా గీత మీద కూర్చుంది. మట్టి ఇంత నున్నగా నడవదయ్యా." కోపం లేదు ఆ గొంతులో. "గడి ఖాళీగా ఉంటే చదివేవాడికి నీకు నిద్ర పట్టిందని తెలుస్తుంది. అంతే కదా. ఇలా రాస్తే ఆ మట్టికి లేని గుణం ఒకటి అంటగడతావు."

ఆ అంకెను కొట్టేసి, పక్కన "రీడింగు తీయలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. తర్వాత ఉద్యోగంలో ఎన్నో బోర్‌హోల్ రిపోర్టులు, అంటే నేలలోకి తొలిచి తీసిన మట్టి లెక్కలు, చూశాను. మరీ నున్నగా ఉన్న అంకె కనబడితే నా పెన్సిల్ కూడా అక్కడే ఆగేది.

పక్క గదిలో రాళ్ల బలం పరీక్షించే రాక్ మెకానిక్స్ వాళ్లు ఉండేవారు. వాళ్ల పని పది నిమిషాల్లో తేలిపోయేది. వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల పొడవున్న గ్రానైట్ కోర్ ముక్కను, అంటే రాతిలోంచి గుండ్రంగా తొలిచి తీసిన కడ్డీని, యంత్రంలో పెట్టి నొక్కితే, చివర్లో తుపాకీ పేలినట్టు శబ్దం. ఆ అదురుకు నా ముల్లు కదిలేది. అందుకే వాళ్ల టైమ్‌టేబుల్ నా గోడ మీద రాసి ఉండేది. వాళ్ల పని తేలికని నేనెప్పుడూ అనుకోలేదు. కోర్ ముక్క ఎంత గట్టిదైనా, కొండలో దాని పక్కనున్న పగులు గట్టిగా లేకపోతే ఏం లాభం? 1959 డిసెంబరు 2న ఫ్రాన్స్‌లో మాల్పాసే డ్యామ్ కొట్టుకుపోయి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. కాంక్రీటులో లోపం లేదు. ఎడమ ఒడ్డున దాన్ని మోసిన రాయి జారింది. ఆ పాఠం మేం రెండు గదుల వాళ్లం కలిసే విన్నాం.

మామ్మగారి ఇంట్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ముందు గది. అదే ఇల్లు, అదే నేల, అయినా ఆ గదికి బీట లేదు. పాతకాలంలో కట్టినప్పుడు రేగడి తవ్వి తీసి మూడడుగుల మేర ఎర్ర గరుసు పోసి కూరారట. బీటలిచ్చిన వెనక గది తర్వాత కట్టింది, నేరుగా రేగడి మీదే. సరిగ్గా అప్పుడే సారు నా చేత ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి గారి పని చదివించారు. నల్లరేగడి పైన దాదాపు మీటరు మందం, ఉబ్బని, కానీ జిగి ఉన్న మట్టి పొర వేస్తే, కింద రేగడి ఉబ్బడం ఆగిపోతుందని ఆయన పెద్ద పెద్ద తొట్లలో పరీక్షించి చూపారు. ఆ పొర బరువు రేగడి ఒత్తిడి కంటే చాలా తక్కువ. అయినా ఆగుతుంది. కర్ణాటకలో మలప్రభ కాలువల లైనింగు కింద ఆ పద్ధతి వాడారు. ఇసుక పోస్తే ఇలా కాదు, అది నీళ్లు పట్టి ఉంచి రేగడికి తాగిస్తుంది. నేను ఉత్సాహంగా మామ్మగారి ముందు గది సంగతి చెబితే సారు, "ఒక ఇల్లు చూసి సిద్ధాంతం రాయకు, ఇంకో పది ఇళ్లు చూడు" అన్నారు. ఆరు ఇళ్లు చూడగలిగాను. వాటిలో గరుసు పోసిన నాలుగూ బాగున్నాయి. థీసిస్‌లో అంతవరకే రాశాను.

ఇక ఏడో రింగు. మొదటి తడికి ఉబ్బినంత రెండో తడికి ఉబ్బలేదు, మూడో తడికి ఇంకాస్త తగ్గింది. నాలుగో చుట్టు దాటాక ప్రతిసారీ దాదాపు అదే ఎత్తుకు లేచి, అదే లోతుకు దిగింది. ఉబ్బడం మానలేదు, ఒక లెక్కకు వచ్చింది. ఇలాంటి పరీక్షలు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ జరిగాయి. అక్కడా నాలుగు చుట్లకు అటూ ఇటుగా మట్టి నిలకడకు వచ్చినట్టు తర్వాత ప్రచురించారు. అది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంక్రిమెంటు వచ్చిన రోజు కూడా కలగలేదు.

కొన్నేళ్లకు మామ్మగారి మనవడు అదే స్థలంలో కొత్త ఇల్లు కడుతూ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అండర్‌రీమ్డ్ పైల్స్ వేయించాను, అంటే నేలలోకి దించి పోసిన కాంక్రీటు స్తంభాలు. 3.5 మీటర్లకు పైగా లోతు, అడుగున కాండానికి రెండున్నర రెట్ల వెడల్పు బుడిపె. ఏడాది పొడుగునా తేమ పెద్దగా మారని లోతులో ఆ బుడిపె పట్టుకుని ఉంటుంది. ఆ స్తంభాల మీద కూర్చుని గోడలను మోసే గ్రేడ్ బీమ్ కింద ఖాళీ ఉంచి, నేల ఉబ్బడానికి చోటు వదిలాం. మామ్మగారు ఆ ఇంట్లో రెండు ఎండాకాలాలు ఉన్నారు. తలుపు రెండేళ్లూ సరిగ్గా పడిందని ఫోన్ చేసి చెప్పారు.

నా మూడు రిజిస్టర్లూ, బీట కొలతల పుస్తకమూ ఈ కలయికకు వచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చేస్తున్నాను. ఆ ఊరి మట్టి మీద పనిచేసే పిల్లలు ఎవరైనా ఉంటే వాడుకోండి. మట్టి మళ్లీ కావాలంటే సంక్రాంతి దాటాక వెళ్లండి, మే దాకా ఆగితే గడ్డపార దిగదు. రెండో రిజిస్టర్లో మూడో చుట్టు దగ్గర, ఎనిమిది గంటల గడిలో ఒక అంకె కొట్టేసి ఉంటుంది. గ్రాఫ్ గీసేటప్పుడు ఆ చోటు ఖాళీగానే వదిలేయండి.