గట్లు కదలని కాలువ

తిరుపతిలో ఎమ్మెస్సీ విద్యార్థులకు అతివాహకత (బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాలలో విద్యుత్ నిరోధం పూర్తిగా పోవడం) పాఠం చెప్పేటప్పుడు, శక్తి అంతరం దగ్గరికి వచ్చేసరికి, అది వేడితో ఎలా తగ్గుతుందో చూపే ఒకే వక్రరేఖను ఏటా బోర్డు మీద గీస్తూ వచ్చాను. మొన్న తరగతి ముగిశాక, రోజూ శ్రీకాళహస్తి నుంచి వచ్చిపోయే ఒక అమ్మాయి ఆగి, "సార్, రాగి ఆక్సైడ్లకు కూడా ఇదే రేఖ వర్తిస్తుందా?" అని అడిగింది. వర్తించదని చెప్పాను గానీ, ఆమె రైలు వేళ కావడంతో కారణం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

సీసం, అల్యూమినియం వంటి లోహాలలో ఎలక్ట్రాన్లు చల్లదనంలో జంటలు కడతాయి. ఆ జంటను విడదీయడానికి కావలసిన కనీస శక్తిని అంతరమే నిర్ణయిస్తుంది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, వేడికి విడిపోయిన ఎలక్ట్రాన్లు మిగిలిన జంటలకు అవసరమైన స్థితులను ఆక్రమిస్తాయి కనుక, విడిపోయేవి పెరిగిన కొద్దీ మిగిలినవాటి బంధం కూడా సడలుతుంది. అందుకే సందిగ్ధ ఉష్ణోగ్రతలో (అతివాహకత పోయే ఉష్ణోగ్రతలో) సగం దాకా వెళ్ళినా అంతరం నూటికి 95 వంతులకు పైగా నిలిచే ఉంటుంది. పదింట తొమ్మిది వంతులు దాటేసరికి దాదాపు సగానికి పడిపోయి, ఆపైన నిటారుగా దిగి సున్నా అవుతుంది.

1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ కనుగొన్న అతివాహక కుటుంబానికి చెందిన రాగి ఆక్సైడ్లలో మొదటి చిక్కు ఏమిటంటే, అంతరం ఒకే సంఖ్య కాదు. రాగి, ఆక్సిజన్ బంధాల దిశలో అది గరిష్ఠం, వాటికి 45 డిగ్రీల కర్ణం వెంబడి సున్నా. కర్ణం పక్కన జంటలు విడిపోవడానికి కొద్దిపాటి వేడి చాలు కాబట్టే, ఇట్రియం బేరియం రాగి ఆక్సైడ్‌లోకి అయస్కాంత క్షేత్రం చొచ్చుకుపోయే లోతు తక్కువ ఉష్ణోగ్రతల వద్ద ఉష్ణోగ్రతతో పాటు సరళరేఖలో పెరుగుతుందని 1993లో కొలిచి చూపారు.

అసలు ఆశ్చర్యం గరిష్ఠ దిశలో ఉంది. 1998లో జెనీవా పరిశోధకులు బిస్మత్ రాగి ఆక్సైడ్‌ను స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో (ఏ శక్తి వద్ద ఎన్ని ఎలక్ట్రాన్ స్థితులున్నాయో చూపే పరికరంతో) చూసినప్పుడు, అంతరం రేఖలో ఒక పల్లంలా కనిపించింది; సందిగ్ధ ఉష్ణోగ్రత దాటినా దాని వెడల్పు తగ్గలేదు, లోతు మాత్రం పూడుతూ వచ్చింది. మా వైపు చెరువు కాలువలను చూసినవారికి ఈ తేడా సులభంగా తెలుస్తుంది: లోహాలలో గట్లు రెండూ దగ్గరికి జరిగి కాలువ మూసుకుపోతుంది, ఇక్కడ గట్లు ఎక్కడివక్కడే ఉండగా నడుమ ఒండ్రు మేట వేస్తుంది. ఆ మిగిలిన పల్లాన్నే సూడోగ్యాప్ అంటారు. కర్ణానికి దగ్గరి దిశలలో మాత్రం, 2007లో ప్రచురితమైన కాంతి ఉద్గార కొలతల (కాంతి తగిలి బయటపడే ఎలక్ట్రాన్ల కొలతల) ప్రకారం, అంతరం దాదాపు పాత రేఖ వెంబడే తగ్గి సందిగ్ధ ఉష్ణోగ్రత వద్ద మూసుకుంటుంది.

సూడోగ్యాప్‌కు కారణం ఏమిటంటే, జంటలు సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైనే ఏర్పడి, వాటి దశలు (తరంగాల లయ) మాత్రం ఇంకా చల్లబడ్డాక కుదురుకుంటాయని కొందరంటారు. సూడోగ్యాప్ అతివాహకతతో పోటీపడే వేరే వ్యవస్థ అని మరికొందరంటారు. రంధ్రాల (ఎలక్ట్రాన్లు లేని ఖాళీల) సంఖ్య తగ్గించిన కొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత పడిపోతుంటే గరిష్ఠ దిశలోని అంతరం పెరుగుతుంది కనుక, నా మొగ్గు రెండవ వాదం వైపే. రేపటి తరగతిలో ఒకే బొమ్మలో రెండు రేఖలు గీస్తాను: కర్ణం పక్కన సున్నాకు దిగేది ఒకటి, సందిగ్ధ ఉష్ణోగ్రతను దాటి దాదాపు అదే ఎత్తున సాగిపోయేది ఒకటి.