టీబీ తగ్గినా గూని పెరుగుతుంటే

చిన్నప్పుడు వెన్నుకు టీబీ వచ్చి, మందులతో నయమై, వీపు మీద గూని మాత్రం మిగిలిపోయినవాళ్ళు మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. తర్వాత ఒకరోజు కాలి చెప్పు జారిపోయినా తెలియదు. అలిపిరి మెట్ల మీద కాళ్ళు బిగుసుకుపోయి పాదం లేవదు. దయచేసి దాన్ని వయసు మీదికి నెట్టేయకండి.

టీబీ ఎక్కువగా వెన్నుపూస ముందు భాగాన్ని తినేస్తుంది, వెనక భాగం నిలిచే ఉంటుంది. అందుకే వెన్ను ముందుకు కూలుతుంది. పిల్లల్లో జబ్బు నయమయ్యాక కూడా, ఎదుగుదల ఆగేదాకా వంపు పెరగొచ్చు. కాబట్టి మందుల కోర్సు అయిపోయిందని ఎక్స్‌రేలు మానకూడదు. ఆ వంపు లోపలి ఎముక గట్టు మీద వెన్నుపాము సాగి ఒరుసుకుంటూ ఉంటుంది. కాళ్ళ బలం పోయేది అక్కడే.

ఎముక కోసి ఈ వంపును సరిచేసే ఆపరేషన్ ఇప్పుడు చాలావరకు వీపు వైపు నుంచే చేస్తారు. వంపుకు పైన, కింద రెండు మూడు పూసలకు స్క్రూలు వేస్తారు. ఛాతీ భాగమైతే పక్కటెముకల మొదళ్ళు కొంత తీస్తారు. ఎముక కోత పూర్తి కాకముందే ఒక పక్కన తాత్కాలికంగా రాడ్ బిగించి తీరాలి. లేకుంటే ఎముక తెగిన క్షణంలో పై భాగం పక్కకు జారి వెన్నుపాము నలుగుతుంది. ఒక్క పూసలో త్రికోణం ముక్క తీస్తే సుమారు 30 డిగ్రీలు సరవుతుంది. పదునైన పెద్ద గూనికి అది చాలదు, అతుక్కుపోయిన పూసల ముద్దనే తీయాల్సి వస్తుంది. ఆ ఖాళీని వెనక నుంచి ఊరికే మూసేస్తే వెన్నుపాము ముడతలు పడుతుంది. అందుకే ముందు వైపు టైటానియం కేజ్ (ఖాళీలో పెట్టే లోహపు గూడు) నిలబెట్టి, దాని ఆసరాతో వెన్నును మెల్లగా సరిచేస్తారు.

ఇంతసేపూ కాళ్ళకు వెళ్ళే నాడీ సంకేతాలు యంత్రంలో చూస్తూనే ఉండాలి. సంకేతం పడిపోతే బిగించింది వదులు చేసి, రక్తపోటు పెంచి, నొక్కుతున్న ఎముక ఎక్కడుందో వెతకాలి. తీసిన ఎముకలో కొంత టీబీ పరీక్షకు పంపాలి, పాత జబ్బు లోపల మళ్ళీ రగులుతుండొచ్చు.

వీపు పూర్తిగా నిఠారు కావాలని డాక్టరును పట్టుబట్టకండి. సగం వంపు తగ్గి కాళ్ళు నిలబడితే అది మంచి ఆపరేషన్. జబ్బు రగిలే రోజుల్లో వచ్చిన పక్షవాతం కన్నా, నయమయ్యాక ఏళ్ళకు వచ్చింది కోలుకోవడం కష్టం. అందుకే చెప్పు జారిన నాడే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు పాత టీబీ కార్డు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్ళండి. వంపు ఎంత పెరిగిందో వాటితో పోల్చే చెప్పగలరు.