రాజీనామా నాతోనే రాయించారు, నా కడుపునొప్పి పోయింది

నిన్న సాయంత్రం పాత కంపెనీ నుంచి ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బులు పడ్డాయి. మూడు నెలలకు! అందులోనూ హెడ్‌సెట్ కింద 850 రూపాయలు కోసుకున్నారు. ఆ కోపంలోనే ఇది రాస్తున్నా, ఎక్కడైనా నోరు జారితే సర్దుకోండి.

మాది అనంతపురం. బీకాం అయ్యాక బెంగళూరు పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. దాంతో మా ఊళ్ళోనే, సప్తగిరి సర్కిల్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక కాల్ సెంటర్‌లో చేరా. చేరడం ఎంత సులువో చెప్పలేను. ఒక పేరా చదివించారు, హిందీ వచ్చా అన్నారు, సోమవారం రమ్మన్నారు. బండి లోన్ల కంతులు కట్టని వాళ్ళకు ఫోన్ చేసి గుర్తు చేయడం పని. చేతికి 13,500. మొత్తం 14 నెలలు చేశా.

ఆ 14 నెలలూ పొద్దున ఏడున్నర అయ్యేసరికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. గ్యాస్ మాత్రలు మింగా, స్కానింగ్ తీయించుకున్నా, ఏమీ లేదన్నారు. ఆదివారం మాత్రం వచ్చేది కాదు. అప్పుడైనా నాకు అర్థం కావాలి కదా, కాలేదు.

వసూలు చేసేవాళ్ళు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. ట్రైనింగ్‌లో మాకు ఆ స్లైడ్ కూడా చూపించారు. నెలాఖరు వస్తే మాత్రం ఏడు దాటాక టీఎల్, అంటే టీమ్ లీడర్ వచ్చి, "ఇంకో పది కాల్స్ కొట్టి పోండి" అనేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు.

ఇక అసలు సంగతి. జూన్ 20, గురువారం, సాయంత్రం నాలుగింటికి మీటింగ్ రూముకు రమ్మన్నారు. టీఎల్, మా కాల్స్ విని మార్కులేసే క్వాలిటీ అతను, హెచ్ఆర్ మేడమ్ ఉన్నారు. మేడమ్ నవ్వుతూ నీళ్ళ బాటిల్ నా ముందుకు జరిపింది. హెచ్ఆర్ వాళ్ళు నవ్వుతూ నీళ్ళు ఇచ్చారంటే మీ పని అయిపోయినట్టే, రాసిపెట్టుకోండి.

క్వాలిటీ అతను నా కాల్ ఒకటి స్పీకర్‌లో పెట్టాడు. నార్పల వైపు రైతు. పోయినేడు వానల్లేక బుడ్డలకు (వేరుశనగకు) పెట్టుబడి కూడా రాలేదంట. చీనీకాయలు (బత్తాయిలు) మార్కెట్‌కు తోలితే గానీ చేతిలో డబ్బు ఆడదు, పదిహేను రోజులు ఆగు పాపా అన్నాడు. దానికి నేను, "సరేలే, చీనీ తోలినాక కట్టన్నా" అన్నా. మా రూల్ ప్రకారం కట్టే తేదీ మూడు రోజుల లోపల చెప్పించాలి. దాన్ని పీటీపీ (ప్రామిస్ టు పే) అంటారు. అది తీసుకోకపోతే ఫేటల్, అంటే ఆ కాల్‌కు సున్నా. తప్పు నాదే, ఒప్పుకుంటా.

కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి నాలుగుసార్లు వినిపించారు. "కట్టన్నా... కట్టన్నా..." అని టీఎల్ నా గొంతు పెట్టి అన్నాడు. క్వాలిటీ అతను నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయాడు. "కస్టమర్‌ను సార్ అనాలి, అన్నా ఏంది? ఆ యాస ఏంది?" అంట. అడిగినవాడిది మా పక్కనే ఉన్న ధర్మవరం! వాళ్ళమ్మతో ఫోన్లో ఎట్లా మాట్లాడతాడో నేను వినలేదా? ఆ రూముకు ఒకవైపు అద్దమే గోడ. బయట ఫ్లోర్ మీద నలభైమంది హెడ్‌సెట్లు పెట్టుకుని కాల్స్ మాట్లాడుతూనే లోపలికి చూస్తున్నారు. మాటలు వినపడవు, నవ్వులు మాత్రం కనపడతాయి. ఇంత వయసొచ్చి నేను మాట్లాడే తెలుగుకు సిగ్గుపడ్డది ఆ పది నిమిషాలే. ఇప్పుడు తలుచుకుంటే, సిగ్గుపడినందుకు నా మీద నాకే కోపం.

తర్వాత మేడమ్ తెల్లకాగితం ఇచ్చి, వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నట్టు రాయమంది. తీసేస్తుంటే ఆ మాట మీరే కాగితం మీద ఇవ్వండి అన్నా. "టెర్మినేషన్ అని పడితే ఇంకెక్కడా తీసుకోరు, నీ మంచికే చెప్తున్నా" అంది. ఆ మంచి ఏంటో ఇంటికొచ్చి అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూస్తే తెలిసింది. వాళ్ళు తీసేస్తే నెల రోజుల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. నేనే మానేస్తే ఇవ్వక్కర్లేదు. 13,500 మిగిలించుకోవడానికి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఒకసారి "మీరు రాయమన్నందుకు రాస్తున్నా" అని మొదలుపెట్టా. చించేసి ఇంకో కాగితం ఇచ్చారు. ఆరు దాటాక ఓపిక లేక వాళ్ళు చెప్పినట్టే రాసిచ్చా. మీరు రాయకండి. ఆలోచించుకుని రేపు చెప్తానని లేచి వచ్చేయండి, ఎవరూ కట్టేయరు.

గేటు దగ్గర బ్యాగు తనిఖీ. రోజూ పలకరించే సెక్యూరిటీ అన్న నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, తల ఎత్తకుండానే "పో తల్లీ" అన్నాడు.

ఏడుస్తానేమో అనుకున్నా, ఏడుపు రాలేదు. టవర్ క్లాక్ దాకా నడిచిపోయి బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నా. 14 నెలలుగా కారం ముట్టుకోని మనిషిని. రాత్రి ఏమీ కాలేదు. పొద్దున ఏడున్నర దాటింది, ఎనిమిదైంది, కడుపు కడుపులా ఉంది. "పోతే పోయిందిలే పాపా" అంది అమ్మ. నాయన మాత్రం, "నువ్వు ఊరికే ఉండవు, ఏమో అనింటావు" అన్నాడు.

పీఎఫ్ సంగతి కూడా చెప్పాలి. నేను మానేసిన తేదీని కంపెనీ పీఎఫ్ రికార్డులో వెయ్యనే లేదు. అది లేకుండా పీఎఫ్ డబ్బు తీసుకునే ఫారం 19 గానీ, పెన్షన్ భాగానికి ఫారం 10సి గానీ పెట్టుకోలేం. నెట్ సెంటర్ అతను 1,500 అడిగాడు. ఇవ్వకండి. చివరి నెల పీఎఫ్ పడ్డాక రెండు నెలలు ఆగితే, యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' అని ఉంటుంది, ఆధార్ ఓటీపీతో మనమే తేదీ వేసుకోవచ్చు. తేదీ మాత్రం సరిగ్గా చూసి వేయండి. నేను ఫోన్లోనే చేసుకున్నా. వడ్డీతో కలిపి ఇరవై వేల చిల్లర వచ్చింది. మా వీధిలో ఇద్దరికి నేనే చేసిపెట్టా, ఒక్క రూపాయి తీసుకోకుండా.

ఇప్పుడు ఒక ఆడిటర్ దగ్గర టాలీ ఎంట్రీలు వేస్తున్నా. 11,000 ఇస్తారు. ఫోన్ మోగితే ఆయనే ఎత్తుతాడు.

ఇక ఆ హెడ్‌సెట్. జూన్ 20నే అప్పగించా. తీసుకున్నట్టు టీఎల్ సంతకం పెట్టిన కాగితాన్ని అప్పుడే ఫోటో తీసి పెట్టుకున్నా. సోమవారం ఆ ఫోటో ప్రింట్ తీసుకుని పోతున్నా, నా 850 ఇస్తేగానీ రాను. ఈసారి మాట్లాడేది కూడా మా యాసలోనే.