నడిచి వెళ్ళగలిగే విమానాశ్రయం

శనివారం

అక్కావాళ్ళని లండన్ విమానం ఎక్కించి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఉదయం బావగారికి ఒకటే కంగారు, టాక్సీకి ఫోన్ చెయ్యమని. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ శంషాబాద్ వెళ్ళడమంటే ఆయనకి సగం రోజు పని. నేనుండేది ఇటలీలోని పీసాలో. "ఇక్కడ విమానాశ్రయం రైల్వే స్టేషన్ వెనకే బావగారూ, నడిచి పోదాం" అంటే నమ్మలేదు. వచ్చిన రోజు వాళ్ళని పీసామూవర్‌లో తీసుకొచ్చాను మరి. డ్రైవరు లేకుండా నడిచే ఆ చిన్న బండి 2017లో మొదలైంది. ఐదు నిమిషాల్లో స్టేషన్‌లో దింపుతుంది. పిల్లాడు ముందు అద్దానికి ముఖం ఆనించి చూస్తూనే ఉన్నాడు. కానీ ఆ కాస్త దూరానికి ముగ్గురి టికెట్లంటే మంచి భోజనం ఖర్చవుతుంది.

ఇవాళ మాత్రం నడిచాం. స్టేషన్ కింది దారిలోంచి దక్షిణం వైపు బయటపడితే శాన్ జుస్తో పేట. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, మూలమీద కాఫీ బారు, సైకిళ్ళమీద ముసలివాళ్ళు. చక్రాల పెట్టెలు లాక్కుంటూ మెల్లగా వెళ్ళినా అరగంట పట్టలేదు. పక్కనే ఇటలీ వాయుసేన స్థావరం, 46వ బ్రిగేడ్‌ది. ఓ పెద్ద సీ-130 సైనిక రవాణా విమానం దిగుతుంటే పిల్లాడు కదల్లేదు, మేమూ ఆగిపోయాం. ఒక ఊరు తన విమానాశ్రయాన్ని ఇంత దగ్గర ఉంచుకోవడం నాకు ఎంతో ఇష్టం.

లోపల మనవాళ్ళు తెలుసుకోవలసింది ఒకటుంది. చవక విమానాల్లో వెళ్ళే భారతీయ పాస్‌పోర్టువాళ్ళు, పెట్టె చెక్-ఇన్ చెయ్యకపోయినా, ముందు కౌంటర్ దగ్గర వీసా కాగితాలు చూపించుకోవాల్సి రావచ్చు. అది తెలియక నేరుగా సెక్యూరిటీకి పోయి వెనక్కొచ్చిన కుటుంబాలను చూశాను. చివరి పది నిమిషాల్లో ఆ పరుగు చూస్తే గుండె తరుక్కుపోతుంది. లండన్ షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి, బయటిది కాబట్టి ఆ తర్వాత పాస్‌పోర్టు వరస కూడా ఉంటుంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో పర్యాటకులకు ఫోటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు లేవు. అందుకే బావగారి తొందర ఒక రకంగా మంచిదే అయింది.

అక్క పెస్తో (తులసి జాతి ఆకుతో, నూనెతో చేసే ఇటలీ పచ్చడి) సీసా చేతిసంచిలో పెట్టుకుంది. నేనే తీసి చెక్-ఇన్ పెట్టెలోకి మార్చాను. వంద మిల్లీలీటర్లు దాటిన ముద్దలూ, నూనెలూ సెక్యూరిటీ దగ్గరే ఆగిపోవచ్చు. మన ఆవకాయకీ అదే నియమం. అమ్మ కలిపిన పచ్చడి చెత్తబుట్టలో పడటం కంటే ఘోరం ఇంకేముంది?

నిన్న పీసా వాలిన గోపురం దగ్గర కూడా ఒక సంగతి తెలిసింది. ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని పైకి ఎక్కనివ్వరు. అక్క, బావగారు విడివిడిగా ఎక్కొచ్చారు, ఆ సేపంతా నేనూ పిల్లాడూ పచ్చికమీద బంతాట ఆడాం. సంచులేవీ పైకి తీసుకెళ్ళనివ్వరు, కింద అప్పగించాల్సిందే. విమానం దిగి కాసేపు పీసా చూసి ఫ్లారెన్స్ పోదామనుకునేవాళ్ళు పెద్ద పెట్టెలు స్టేషన్‌లోనే భద్రపరచుకోవడం మేలు.

తిరిగొస్తూ, వచ్చే నెల ఫ్లారెన్స్‌కి చదువుకోడానికి వస్తున్న గుంటూరు అమ్మాయికి ఫోన్లో మెసేజ్ రాశాను. ఆమె విమానం రాత్రి పదకొండు దాటాక దిగుతుంది. "అర్ధరాత్రికి మూవర్ ఆగిపోతుందమ్మా, ఫ్లారెన్స్ రైళ్ళు కూడా ఆ వేళకి దాదాపు ఉండవు. ఆ రాత్రికి పీసాలోనే ఉండు, మా ఇంట్లో చోటుంది, నేనొచ్చి తీసుకెళ్తాను. పొద్దున రైలెక్కిస్తా. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గర మిషన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా వేస్తారు. పచ్చళ్ళు పెద్ద పెట్టెలో పెట్టుకో." వెంటనే జవాబొచ్చింది, గోంగూర తెస్తానని.