ఎడారి ఇంట్లో సంప్ పంప్ పెట్టించుకున్నాం

అమెరికాలో ఆరిజోనా ఎడారిలోని ఫీనిక్స్ చుట్టుపక్కల బేస్‌మెంట్, అంటే నేల కింద అంతస్తు, ఉన్న ఇళ్లు తక్కువ. ఆ పక్కనే గిల్బర్ట్‌లో మేం కొన్నది బేస్‌మెంట్ ఉన్నదే. వేసవిలో కింద చల్లగా ఉంటుందని, ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఒక గది ఉంటుందని తీసుకున్నాం. ఒక మాన్‌సూన్ రాత్రి కాసేపు వాన దంచి కొట్టింది. పొద్దున చూస్తే కింద కార్పెట్ తడిసి ముద్దయింది. ఇలా చేరే నీళ్లను ఒక గుంటలోకి మళ్లించి బయటికి తోడేసే సంప్ పంప్ పెట్టిద్దామంటే మా అత్తయ్య, "ఏడాదికి నాలుగు చినుకులు పడే ఊళ్లో నీళ్లు తోడే మోటారెందుకు బాబూ?" అన్నారు.

నిజమే, ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున పడేది 7, 8 అంగుళాల వానే. కానీ 2014 సెప్టెంబర్ 8న ఒక్కరోజే 3 అంగుళాలు దాటింది, ఇంటర్‌స్టేట్ 10 హైవే మీద కార్లు మునిగాయి. పైగా చాలాచోట్ల నేల కింద సున్నంతో గట్టిపడిన కలీచే పొర ఉంటుంది. నీళ్లు అందులోకి అంత త్వరగా ఇంకవు. గోడల పక్కన తవ్వి మళ్లీ పూడ్చిన మట్టేమో వదులుగా ఉంటుంది. దాంతో నీళ్లన్నీ అక్కడికే చేరతాయి.

మొదట వచ్చిన కాంట్రాక్టర్ బేస్‌మెంట్ చుట్టూ నేల పగలగొట్టి డ్రెయిన్ వేయాలన్నాడు. ఆ ఖర్చు విని గుండె జారింది. రెండో ఆయన ఏమీ అమ్మకుండా ముందు గార్డెన్ పైపు తీసుకుని ఒక్కో గోడ దగ్గర నీళ్లు వదిలి చూశాడు. ఒక కిటికీ బయట వెలుతురు కోసం తవ్విన గుంత ఉంది, దాన్నే విండో వెల్ అంటారు. అది నిండగానే లోపల కారడం మొదలైంది. మా దగ్గర భూగర్భజలం చాలా లోతులో ఉంటుంది, కాబట్టి కింది నుంచి ఊరే సమస్య కాదు. వచ్చేదంతా పైనుంచే. ఈ పరీక్ష చేయకుండా కొటేషన్ ఇచ్చేవాళ్లకు నేనైతే పని ఇవ్వను.

విండో వెల్ అడుగు నుంచి పైపు వేసి, లోపల స్టోర్ రూమ్ మూలలో కాంక్రీటు కోసి పంపు కూర్చునే గుంట తీశారు, దాన్నే ఇక్కడ సంప్ అంటారు. ఇల్లంతా దుమ్ము, ఆ సంగతి వదిలేద్దాం. పోత ఇనుము బాడీ ఉన్న 1/3 హార్స్‌పవర్ పంపు సరిపోయింది. గుంట ఇరుకు కాబట్టి నిలువుగా కదిలే ఫ్లోట్ తీసుకున్నాం, నీళ్లతోపాటు పైకి తేలి పంపును ఆన్ చేసేది అదే. తోడిన నీళ్లు వెనక్కి రాకుండా పైపులో చెక్ వాల్వ్ ఉంటుంది. దాని కింద ఒక చిన్న రంధ్రం పెట్టాడాయన. గుంట ఎప్పుడూ ఎండిపోయి ఉంటే పంపులో గాలి చిక్కుకుని, మోటారు తిరిగినా నీళ్లు ఎక్కవట. ఆ గాలిని బయటికి వదిలే రంధ్రం మా ఊరికి చాలా ముఖ్యం.

గాలివానకు కరెంటు పోవడం మామూలే. అసలు పంపు అవసరం పడేది అప్పుడే. అందుకే బ్యాటరీతో నడిచే రెండో పంపు కూడా పెట్టించాం. బ్యాటరీ మాత్రం బేస్‌మెంట్‌లోనే ఉంచాం, గరాజ్ వేడికి అది ఎక్కువకాలం బతకదు. బయటికెళ్లే పైపును డ్రైనేజీలో కలపకూడదు, పక్కింటివైపూ తిప్పకూడదు. మాది ముందున్న కంకర మీదుగా వీధివైపు పోతుంది. హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అనుమతి తీసుకున్నాం. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది కాబట్టి పైపుకు పెయింట్ కొట్టించాం. విండో వెల్‌కు మూత కూడా బిగించాం. అది లోపల్నుంచి పనిముట్టు లేకుండా తెరుచుకునేదై ఉండాలి, అగ్నిప్రమాదమైతే బయటపడే దారి అదే.

తడిసే ఊళ్లలో పంపు పనిచేసి చేసి అరిగిపోతుంది. ఇక్కడ పని లేక పాడవుతుంది. గుంటలో దుమ్ము చేరుతుంది, ఉప్పునీటి తెల్లపొర కట్టి ఫ్లోట్ అతుక్కుంటుంది, సీళ్లు ఎండిపోతాయి. మాన్‌సూన్ లెక్క జూన్ 15న మొదలవుతుంది కదా, ఆలోపే గుంట తుడిచి, బకెట్లతో నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తోందా, నీళ్లు వీధి దాకా చేరుతున్నాయా చూస్తాను. తర్వాత ప్లగ్ తీసేసి బ్యాటరీ పంపును కూడా అలాగే నడిపిస్తాను.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మామూలు ఇంటి పాలసీలో వరద నష్టం రాదు. సంప్ పొంగితే కవరేజీ కావాలంటే సాధారణంగా విడిగా జోడించుకోవాలి. ప్రభుత్వ వరద బీమాకు మామూలుగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది, అందులోనూ బేస్‌మెంట్‌లోని కార్పెట్, సోఫాల వంటివి రావు.