యజమానులకు మాత్రమే అందిన పిలుపు

వర్తూరు దగ్గర మా వీధి వెడల్పు పన్నెండు అడుగులు. 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిపిన 110 గ్రామాల్లో మాదీ ఒకటి. ఊరు నగరమైంది గానీ కావేరి నీళ్లు రాలేదు. బోరు, ట్యాంకరు, ఇంటి కింద సంపు, ఇన్నేళ్లూ వీటితోనే గడిచింది. అందుకే 2023 జనవరిలో ఒక ఉదయం రోడ్డు మీద కావేరి పైపు కోసం తవ్వేచోట గీసిన సున్నపు గీత కనిపించగానే నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెనకే బెంగ. జేసీబీ దిగితే స్కూలు వ్యాను రాదు, ట్యాంకరు రాదు. చివరి ఇంటాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి.

మదనపల్లె నుంచి వచ్చిన నాకు, ఇక్కడి పాత కాపురస్తుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారని మొదట్లో తెలియదు. మూలింటి అవ్వ అలాంటి మనిషి. గీత చూసి, "ఈ కింద చెరువు కాలువ ఉంది, ఆ సంగతి వాళ్లకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

టైలరు చేత కన్నడలో అర్జీ రాయించుకుని జలమండలి ఆఫీసుకు వెళ్లాను. ఏ ముక్క ఎన్ని రోజులు తెరిచి ఉంటుంది, ఎవరికి ఫోను చేయాలి, రోగి దాటడానికి పలక వేస్తారా అని అడిగాను. తవ్వేముందు ఒక్కసారి మాతో వీధంతా నడవమనీ కోరాను. ఈ కావేరి పథకానికి అప్పిచ్చిన జపాను ప్రభుత్వ సంస్థ జైకా నియమాల్లోనే స్థానికులతో సంప్రదించాలన్న షరతు ఉందని కూడా రాయించాను.

నాలుగో రోజున ఇంజనీరు వచ్చాడు. అవ్వ ముందు, మేమందరం వెనక. మర్రిచెట్టు ఎక్కడ ఉండేదో, దాని నుంచి ఎన్ని అడుగులకు కాలువ మలుపు తిరిగేదో చేతికర్రతో కొలిచి చూపించింది. ఆమె చూపిన చోట పారతో చిన్న గుంత తీయించారు. మూడడుగుల లోతులో రాతి పలక తగిలింది. ఇంజనీరు తన దగ్గరున్న పటాన్ని ఎంతసేపు చూసినా ఆ కాలువ అందులో లేదు. అక్కడికక్కడే గీత ఎడమకు జరిపాడు. తొంభై ఏళ్లకు దగ్గర పడిన ఆ అవ్వ ముఖం ఆ రోజు ఎంత వెలిగిందో చెప్పలేను.

ఆదివారం ఆంజనేయస్వామి గుడి ఆవరణలో సమావేశం పెట్టాం. వీధిని మూడు ముక్కలుగా తవ్వాలని, ఒకటి పూడ్చాకే రెండోది తెరవాలని ఒప్పందం కుదిరింది. తేదీలు, ఫోను నంబరు కన్నడలో, తెలుగులో రాసి వీధి రెండు చివరలా అంటించాం.

పని మొదలైన మూడో రోజు జేసీబీ పళ్లకు ఒక ప్లాస్టిక్ పైపు తెగింది. మూలమీది మూడంతస్తుల ఇంటి బోరు పైపు అది. అందులో ఆరు కుటుంబాలు అద్దెకుంటున్నాయి. యజమాని హైదరాబాదులో ఉంటాడు, సమావేశానికి రాలేదు. మొదటి అంతస్తు అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆ పైపు ఎక్కడుందో నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పిలుపు కాగితం రాసింది నేనే. దాని మీద ‘ఇంటి యజమానులకు’ అని ఉంది. ఆ రాత్రి ఆరు కుటుంబాల ఆడవాళ్లు బిందెలతో మా సంపు దగ్గర వరుసలో నిలబడితే, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు సాయంత్రం ఆ అబ్బాయితో కలిసి ప్రతి అద్దె ఇంటి తలుపూ, పీజీల తలుపులూ తట్టాను. రెండు గంటల్లో ఇంకో రెండు బోరు పైపులు, ఒక కేబులు, ఒక మురుగు తూము ఎక్కడున్నాయో తెలిసింది. వాటిలో ఒక్కదాని సంగతీ సమావేశంలో ఎవరూ చెప్పలేదు. మిగిలిన పని ఏమీ తెగకుండా ముగిసింది.

2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకరు కోసం నగరమంతా అల్లాడింది. ఆ అక్టోబరు 16న కావేరి ఐదో దశ ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్ల నీటిని దాదాపు వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి ఎత్తిపోసే పథకం అది. మా కుళాయిలోకి నీళ్లు వచ్చిన రోజు మొదటి చెంబు అవ్వకే ఇచ్చాను.

అయితే కనెక్షనుకు దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాల్సింది యజమాని. అద్దెకున్నవాళ్లకు ఆ వీలు లేదు. హైదరాబాదాయన ఇంకా దరఖాస్తు పెట్టలేదు, ఆ ఆరు కుటుంబాలకు ఇప్పటికీ ట్యాంకరే దిక్కు. నేనూ ఆ తమ్ముడూ కలిసి ఆయనకు రెండో ఉత్తరం రాశాం. ఈసారి కింద ఆరు కుటుంబాల సంతకాలూ పెట్టించాం. జవాబు ఇంకా రావాలి.